జవాబు రాయని ఉస్తాద్

పెద్దపల్లి బస్టాండులో మంచిర్యాల బస్సు కోసం చూస్తున్నాను. ఎవరో ఒకాయన జనంలోంచి నావైపే వస్తున్నాడు. ఆయన చూపు నా ముఖం మీద లేదు, నా ఎడమ బూటు మీద ఉంది. దగ్గరికొచ్చి, వంగి చూసి, తలెత్తి అడిగాడు.

"కరీంనగర్ ఉస్తాద్ చేసిందే గదా?"

అవునన్నాను. ఆయన తన ప్యాంటు కాస్త పైకి లాగి కుడికాలు చూపించాడు. అదే కుట్టు, అదే మడమ ఒంపు. ఇద్దరం నవ్వుకున్నాం.

"ఆయన పోయిండు సారూ. శివరాత్రి ముంగట. కొత్త బూటుకు కొలత ఇద్దామని పోతే దుకాణం మూసున్నది. పక్కన టైలర్ చెప్పిండు."

నాకు ముందు దుఃఖం రాలేదు. కోపం వచ్చింది. ఎవరైనా ఒక్క కార్డు ముక్క రాయొచ్చు కదా అనుకున్నాను. అనుకున్నాక నవ్వొచ్చింది. ఆ దుకాణం నుంచి ఒక్క జవాబు రాబట్టడానికి నేను ఏళ్ల తరబడి తన్నుకులాడాను. పోయేటప్పుడు కూడా మనిషి తన పద్ధతి తప్పలేదు.

ఆయన పేరు నాకు తెలుసు కానీ ఆ పేరుతో ఎవరూ పిలవగా వినలేదు. అందరికీ ఉస్తాదే. కరీంనగర్ బస్టాండు వెనక గల్లీలో చిన్న దుకాణం. మామూలు చెప్పులు కుట్టేవాడు కాదు. పోలియో వచ్చిన కాళ్లకు, పొట్టి కాళ్లకు, వంకర పాదాలకు బూట్లు చేసేవాడు. కుర్రతనంలో పట్నంలో ఒక దవాఖాన షెడ్డులో ఆ పని నేర్చుకున్నాడట. ఇటు కరీంనగర్ జిల్లాలో, అటు మా ఆదిలాబాద్ జిల్లాలో, ఆ పని తెలిసిన చెయ్యి నాకు తెలిసి అదొక్కటే.

నాకు మూడేళ్లప్పుడు జ్వరమొచ్చి ఎడమకాలు సన్నబడింది. మూడంగుళాలు పొట్టి. చెన్నూరు గ్రంథాలయంలో ఉద్యోగంలో చేరేనాటికి కూడా చెప్పు కింద లారీ టైరు ముక్కలు ఒకదానిమీద ఒకటి మేకులు కొట్టించుకుని నడిచేవాణ్ణి. వానాకాలంలో ఆ మేకులు తుప్పుపట్టి ఊడేవి. ఒకరోజు మా ఊరి ఆస్పత్రి కాంపౌండరు నా నడక చూసి ఉస్తాద్ సంగతి చెప్పాడు, చిరునామా రాసిచ్చాడు.

చెన్నూరు నుంచి మంచిర్యాల, అక్కణ్ణుంచి కరీంనగర్. పొద్దున మొదటి బస్సు పట్టుకున్నా చేరేసరికి మధ్యాహ్నం అవుతుంది. పని కాకపోతే ఆ సెలవు వృథా. అందుకని చదువుకున్నవాడిలాగా ముందు ఉత్తరం రాశాను. అయ్యా, నా కాలు ఫలానా విధంగా ఉంది, బూటు చేయగలరా, ఎన్ని రోజులు పడుతుంది, ఏ రోజు రమ్మంటారు అని. కాలి బొమ్మ కూడా వేసి, కొలతలు పక్కన రాశాను.

జవాబు లేదు.

పోస్టులో పోయిందేమో అనుకుని రెండోది రాశాను. ఈసారి జవాబు కార్డు కలిసి ఉండే జంట కార్డు కొని, రెండోదాని మీద నా చిరునామా నేనే రాసి పంపాను. ఆయన చేయాల్సిందల్లా నాలుగు మాటలు గీకి డబ్బాలో వేయడం. అదీ లేదు. మూడో ఉత్తరంలో బతిమాలాను. నాలుగోదానిలో 'అయ్యా' తీసేశాను. ఐదోది రిజిస్టరు చేశాను. దాని రసీదు కార్డు మాత్రం తిరిగొచ్చింది. దాని మీద ఆయన సంతకం ఉంది. గుండ్రటి అక్షరాలు, ఒద్దికగా, మా గ్రంథాలయం రిజిస్టరులో నేను రాసేవాటికంటే బాగున్నాయి. పాపం చదువు రానివాడేమో అని మనసులో ఎక్కడో చెప్పుకుంటున్న సాకు కూడా ఆ రోజుతో పోయింది.

ఇక లాభం లేదని నేనే వెళ్లాను. గల్లీలో అడుగు పెట్టేసరికి నా అడుగుల చప్పుడుకే కాబోలు, లోపల ఆరెతో తోలుకు కన్నాలు పెడుతున్న మనిషి తలెత్తాడు. యాభై దాటి ఉంటాయి. బక్కమనిషి, ముక్కు చివర కళ్లద్దాలు. నా ముఖం చూడలేదు. గడప దాటిన నా కాలు చూసి నోరారా నవ్వాడు.

"చెన్నూరు ఎడమకాలు! ఇన్ని రోజులు పట్టిందా సారూ వచ్చేటందుకు? కూసోండ్రి, కూసోండ్రి."

ఆలస్యం నాదైనట్టు!

"మీరు జవాబు రాస్తే గదా వచ్చేది?" అన్నాను. గొంతు పెంచకూడదనుకుంటూనే పెంచాను. "ఐదు ఉత్తరాలు రాసిన. ముట్టినయా, ముట్టలేవా?"

"ముట్టకేం, అన్ని ముట్టినయ్." లేచి గోడమీది మేకు నుంచి ఒక ఇనుప తీగ దించాడు. తీగకు గుచ్చిన ఉత్తరాలు చేటెడున్నాయి. వాటిల్లోంచి నావి ఐదూ తడుముకోకుండా తీశాడు. "మంచిగ రాసిండ్రు సారూ. కాలు బొమ్మ గూడ మంచిగేసిండ్రు. గీ నాలుగోదాంట్లనే జర కోపమొచ్చినట్టున్నది."

"మరి రెండు మాటలు రాయొచ్చు గదా!"

"ఏమని రాయాలె? కాలు చూడకుండ బూటు అయితదని ఎట్ల రాస్త? కాదని మాత్రం ఎట్ల రాస్త? కాయితం మీద అబద్ధం రాసినట్టయితది."

"రమ్మని రాయరాదా?"

ఆయన నిజంగానే ఆశ్చర్యపోయాడు. చేత్తో గుమ్మం చూపించాడు.

"దుకాణం తెరిచే ఉన్నది గదా సారూ. తలుపు తెరిచిపెట్టినంక మళ్ల రమ్మని రాసుడేంది?"

తలుపు ఆయనకు తెరిచి కనిపిస్తుంది. చెన్నూరులో కూర్చున్నవాడికి ఎలా కనిపిస్తుంది? ఇది చెప్పాను. ఆయన శ్రద్ధగా విన్నాడు, తల ఊపాడు, పక్క హోటలు నుంచి చాయ్ తెప్పించాడు. సాసర్లో పోసుకుని ఊదుకుంటూ నా కాలితో మాట్లాడటం మొదలుపెట్టాడు. నాతో కాదు, కాలితో. "ఏందే, నీకు మేకులు కొట్టిండ్రా? నొస్తలేదా?" అంటూ.

ఆయన కొలతలు టేపుతో తీసేవాడు కాదు. దారం పాదం చుట్టూ తిప్పి, అవసరమైనచోట ముడి వేసుకునేవాడు. తర్వాత గుమ్మం దాకా నడిపించేవాడు, వెనక్కి నడిపించేవాడు. ఎక్కడ నొప్పి అని మనల్ని అడిగేవాడు కాదు. మనం చెప్పబోతే చెయ్యి అడ్డం పెట్టి, "మీరు ఊకోండ్రి, కాలు చెప్తది" అనేవాడు. మనుషుల పేర్లు ఆయన బుర్రకెక్కేవి కావు. జన్నారం కుడికాలు, మెట్‌పల్లి మడమ, జమ్మికుంట రెండు కాళ్లు, ఇలా గుర్తుపెట్టుకునేవాడు. ఉత్తరాలు రాసినవాళ్లందరూ, ఎన్నడూ కళ్లతో చూడనివాళ్లు కూడా, ఆయనకు అట్లాగే గుర్తు. అన్నీ చదివేవాడు, అన్నీ గుర్తుపెట్టుకునేవాడు, ఒక్కదానికీ జవాబు రాసేవాడు కాదు. చదవకుండా పారేసే మనిషైతే తిట్టుకుని ఊరుకునేవాణ్ణి.

మూడు వారాల తర్వాత వెళ్లి ఆ బూటు తొడుక్కున్నాను. బెండు పొరలు పేర్చి, పైన మెత్తటి తోలు కప్పి చేసిన బూటు. లేచి నిలబడ్డాను. పక్క టైలరు దుకాణంలో నిలువుటద్దం ఉంటే అందులో చూసుకున్నాను. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి నా రెండు భుజాలు ఒకే ఎత్తులో ఉన్నాయి. టైలరు నన్ను చూసి గుడ్డ కత్తిరించడం ఆపి, ముఖం తిప్పుకున్నాడు. ఉస్తాద్ మాత్రం బూటు వైపే చూస్తూ, "మడమ తాన జర గీరుతది. వారం దినాలు ఓర్సుకో" అన్నాడు. నాతో కాదు, కాలితోనే.

ఆ రోజు ఆయనకు సాష్టాంగపడాలనిపించింది. తర్వాతి ఏళ్లలో చాలాసార్లు గొంతు పిసకాలనీ అనిపించింది.

బూటు ఏడాదిన్నరకు అరిగేది. అరిగినప్పుడల్లా ఉత్తరం. కొత్తది మొదలుపెట్టండి, కొలతలు మీ దగ్గర ఉన్నాయి, అయ్యాక ఒక్క మాట రాయండి, వస్తాను. జవాబు రాదు. వెళితే కొన్నిసార్లు బూటు సిద్ధంగా ఉండేది, నెల కిందటే అయింది అనేవాడు. కొన్నిసార్లు తోలు కూడా కోసి ఉండేది కాదు. ఏ సంగతీ రాయడు. ఒకసారి ఒళ్లు మండి తంతి కొట్టాను. ఇంగ్లీషులో, బూటు సిద్ధమా, వెంటనే తెలుపండి అని. తంతి అంటే ఎవరో పోయారనే కదా లెక్క. అది చేతిలో పడగానే వేరే ఊళ్లో ఉండే తన చెల్లెలు పోయిందనుకుని గల్లీలోనే కూలబడ్డాడట. నలుగురూ చేరారట. ఎవరో ఇంగ్లీషు వచ్చినాయన చదివి అర్థం చెప్పేదాకా ఏడుపులేనట. నేను వెళ్లేసరికి ఆయన, టైలరు, హోటలాయన ముగ్గురూ కలిసి నన్ను తిట్టారు. నేను తలొంచుకుని విన్నాను. అంతా అయ్యాక, "మరి దానికైనా జవాబు ఇచ్చిండ్రా?" అని అడిగాను.

"బతికే ఉన్నమని మళ్ల తంతి కొట్టాల్నా?" అన్నాడు ఉస్తాద్.

ఇంకోసారి పాత బూటు మడమ ఊడిపోతే చెన్నూరులోనే అతికిద్దామని విప్పాను. బెండు పొరల మధ్య ఒక అట్ట, మడమ ఆకారంలో కత్తిరించి ఉంది. దాని మీద నా దస్తూరీ. నా పేరు సగం, చెన్నూరు అన్న మాట మొత్తం. నేను పంపిన జవాబు కార్డు. దాన్ని పట్టుకుని కరీంనగర్ వెళ్లాను. ఆయన కళ్లద్దాలు సర్దుకుని చూసి, "మంచి అట్ట సారూ. రాసింది ఎన్నడు పారెయ్య. గిది ఉత్తదే గదా, ఏం రాసి లేదు" అన్నాడు. ఏడాదిన్నరగా నా జవాబు మీద నేనే నడుస్తున్నానన్నమాట.

ఇవన్నీ చెప్పుకుని నవ్వుకునే సంగతులు. నవ్వలేనిది ఒకటుంది.

ఒక వేసవిలో బూటు కోసం వెళితే, ఒక్క కుట్టు మిగిలింది, గంటసేపు కూర్చోమన్నాడు. ఊరికే కూర్చోలేక ఆ తీగ దించుకుని ఉత్తరాలు చదువుతూ కూర్చున్నాను. జన్నారం అవతలి ఒక ఊరి నుంచి వచ్చిన కార్డు ఒకటి కనిపించింది. ఒక రైతు తరఫున ఆ ఊరి పంతులెవరో రాసినట్టున్నాడు. మా బిడ్డకు ఆరేండ్లు, కుడికాలు సన్నబడ్డది, గోడ పట్టుకుని నిలబడుతుంది, మీరు బూట్లు చేస్తారని విన్నాం, అవుతుందో కాదో దయచేసి రెండు మాటలు రాయగలరు, రమ్మంటే వస్తాం. తేదీ చూశాను. మూడేళ్ల కిందటిది.

"వీళ్లు వచ్చిండ్రా?" అని అడిగాను.

ఆయన ఒక్క క్షణం చూసి, "జన్నారం కుడికాలు. రాలే" అన్నాడు.

"ఎందుకు రాలే?"

"నాకేం ఎర్క సారూ?"

ఆ రోజు గట్టిగా పోట్లాడాను. నాలాంటివాడు ఐదు ఉత్తరాలు రాసి, కోపం తెచ్చుకుని, బస్సెక్కి వస్తాడు. అందరూ అట్లా వస్తారా? ఆయన కుట్టు పూర్తిచేశాడు. నేను బస్టాండు పక్కన కార్డు కొని, అక్కడే నిలబడి రాశాను. బిడ్డను తీసుకుని రండి, ఉస్తాద్ చూస్తాడు అని. జవాబు మాత్రం చెన్నూరు గ్రంథాలయం చిరునామాకు రాయమన్నాను. ఆ తీగకు గుచ్చడానికి నాకు మనసొప్పలేదు.

వాళ్ల జవాబు వారంలోనే వచ్చింది. మూడేండ్ల కింద రాశాం, మీరు రాయలేదు కాబట్టి కాదనే అనుకున్నాం, పని తెలిసినవాళ్లే కాదన్నాక ఇంకెవరిని అడుగుతామని ఊకున్నాం, ఇప్పుడు బిడ్డ నిలబడటం లేదు, మోకాలు మడతపడ్డది, అయినా రమ్మంటే వస్తాం అని ఉంది.

ఆ కార్డు పట్టుకుని వెళ్లాను. ఉస్తాద్ మెల్లగా చదివాడు. వెలుతురులోకి వెళ్లి మళ్లీ చదివాడు. "మోకాలు మడతపడ్డదా?" అని నన్నడిగాడు. కార్డులో ఉన్నదే చెప్పాను. ఆయన ఆరె పక్కన పెట్టి, దారం ఉండ సంచిలో వేసుకున్నాడు.

"వాళ్లను రమ్మనకు సారూ. మనమే పోదాం. పోతున్నమని రాయి."

రాశాను. ఆ తర్వాతి ఆదివారం లక్షెట్టిపేట మీదుగా జన్నారం దాటి ఆ ఊరి స్టేజీ దగ్గర బస్సు దిగాం. పొద్దుటి నుంచీ ఎదురుచూస్తున్నాడట, ఆ పిల్ల తండ్రి ఎడ్లబండితో నిలబడి ఉన్నాడు. తిడతాడని గుండె రాయి చేసుకుని ఉన్నాను. ఆయన ఉస్తాద్ రెండు చేతులూ పట్టుకుని, "మీరే వచ్చిండ్రా! మా కోసం గింత దూరం వచ్చిండ్రా!" అన్నాడు. తిట్టి ఉంటే బాగుండేది.

ఇంటి ముందు మంచం వాల్చారు. మంచినీళ్లిచ్చారు. తండ్రి లోపలికి చూసి, "లస్మీ, ఇటు రా బిడ్డా" అని పిలిచాడు.

గడప మీదుగా ఆ పిల్ల పాక్కుంటూ వచ్చింది. తొమ్మిదేళ్లు. నున్నగా దువ్విన తల, కొత్త లంగా. రెండు చేతులకూ చెప్పులు తొడుక్కుని ఉంది. తండ్రి పాత చెప్పులు. అరిచేతులు కోసుకుపోకుండా అట్లా పాకటం అలవాటు చేసుకుంది.

ఉస్తాద్ మంచం మీద నుంచి దిగి నేల మీద కూర్చున్నాడు. మొదటిసారి ఆయన కాలు చూడలేదు. చేతులే చూస్తున్నాడు. మెల్లగా ఆ చెప్పులు విప్పి, తిరగేసి, అడుగు భాగం బొటనవేలితో తడిమాడు. ముందు భాగం అట్ట కంటే పలచగా అరిగిపోయి ఉంది. తోలు అరుగుదల చూసి మనిషి ఎంత నడిచాడో చెప్పగలిగినవాడు. ఆ పిల్ల ఎంత దూరం పాకిందో ఆయనకు నేను చెప్పాల్సిన పనిలేదు.

తర్వాత మోకాలు పట్టుకుని చాపడానికి చూశాడు. అది సగం దాకా వచ్చి ఆగింది. ఆ పిల్ల పెదవి కొరుక్కుంది గానీ ఏడవలేదు.

"బూటు అయితదా?" అని గుంజకానుకుని నిలబడ్డ తల్లి అడిగింది.

"ఇప్పుడే కాదవ్వా. ముందు దవాఖానల మోకాలు సక్కగ చేపియ్యాలె. గప్పుడు బూటు."

"మూడేండ్ల కింద అయితే?"

ఉస్తాద్ నేలచూపులు చూశాడు. "గప్పుడైతే బూటుతోనే అయిపోతుండె."

తల్లి కళ్లు తుడుచుకోలేదు. సూటిగా ఆయన్నే చూస్తూ అంది. "కాదని రాసినా మంచిగుంటుండె. ఇంకో తాన అడుగుతుంటిమి. ఏం రాయకపోతిరి. పోస్టాయన వచ్చినప్పుడల్ల బిడ్డ గీ గడపల కూసుంటుండె."

"ఊకోయే," అన్నాడు తండ్రి. "పెద్దమనిషి, ఇంటికొచ్చిండు."

"అననియ్యి," అన్నాడు ఉస్తాద్.

తిరుగు ప్రయాణంలో లక్షెట్టిపేటలో దిగాం. అక్కడ చాయ్ తీసుకుని, "పోస్టాయన కోసం కూసుంటుండెనట" అన్నాడు. సాసర్లో చాయ్ అట్లాగే చల్లారిపోయింది.

పట్నంలో తాను పని నేర్చుకున్న పెద్ద దవాఖానలో అట్లాంటి మోకాళ్లు చూస్తారని ఆయనే చెప్పాడు. ఎప్పుడు తీసుకురావాలి, మంచం దొరుకుతుందా, ఎన్నాళ్లు ఉండాలి అని అడుగుతూ నేను ఉత్తరం రాశాను. నెల గడిచింది. జవాబు లేదు. మళ్లీ రాశాను, చిరునామా రాసిన కవరు లోపల పెట్టి. ఇంకో నెల. నేను కరీంనగర్ వెళ్లినప్పుడల్లా ఆయన అదే అడిగేవాడు. "వచ్చిందా?" రాలేదనేవాణ్ణి. ఒకరోజు ఆయన చేతిలోని తోలు కింద కొట్టాడు.

"గింత పెద్ద దవాఖాన! గంతమంది కలం పట్టినోళ్లు కూసుంటరు! ఒక్క కార్డు ముక్క రాయనీకి తీరలేదా వాళ్లకు? రమ్మంటరో, వద్దంటరో, మనకెట్ల తెల్వాలె? మనుషులు పరేషాన్ అయితరని తెల్వదా?"

పక్కన టైలరు మిషను తొక్కడం ఆపాడు. నేను ఉస్తాద్ ముఖంలోకి చూశాను. ఆయన నన్ను చూశాడు, గోడ మీది తీగను చూశాడు. కింద పడ్డ తోలు వంగి తీసుకుని దులిపాడు. చాలాసేపు దులిపాడు.

"నేనే తోల్కపోత," అన్నాడు.

దుకాణం మూసి, తండ్రినీ బిడ్డనూ వెంటబెట్టుకుని పట్నం వెళ్లాడు. వెనకటి షెడ్డులో తనతో పనిచేసిన ముసలాయన ఒకడు ఇంకా అక్కడే ఉంటే, ఆయన్ని పట్టుకుని డాక్టరు దాకా చేరాడు. మంచం దొరికేదాకా తొమ్మిది రోజులు ఆ వరండాలోనే పడుకున్నాడట. ఆపరేషనయింది. నెలల తరబడి కట్లు. ఆయన మధ్యమధ్య వెళ్లి చూసొచ్చేవాడు.

ఆ నెలల్లోనే మేమిద్దరం ఆ తీగను విప్పాం. నాలుగు ఆదివారాలు నేను వెళ్లి కూర్చుని, పాత ఉత్తరాలన్నింటికీ జవాబులు రాశాను. ఆయన చెప్పేవాడు, నేను రాసేవాణ్ణి. కొందరు వచ్చారు. కొన్ని కార్డులు ఆ చిరునామాలో మనిషి లేడని తిరిగొచ్చాయి. చాలావాటికి జవాబే రాలేదు. వాళ్లను నేను ఏమనగలను?

తర్వాత వచ్చినవాటికి తానే రాస్తానని ఆయన కార్డుల కట్ట కొన్నాడు. సంతోషపడ్డాను. కొన్నాళ్లకు నాకూ ఒక కార్డు వచ్చింది. గుండ్రటి అక్షరాలతో ఒకే ఒక్క మాట. "రండి." పేరు లేదు, ఊరు లేదు, తేదీ లేదు. బూటు అయిందనుకుని సెలవు పెట్టి వెళ్లాను. తోలు కూడా కోయలేదు.

"రమ్మంటిరి గదా!" అన్నాను.

"రమ్మన్న. అయిందన్ననా?"

అందరికీ అదే రాస్తున్నాడని అప్పుడు తెలిసింది. పోస్టు ముద్రలో ఊరు చూసుకుని, కార్డు పట్టుకుని దిగినవాళ్లు, ఇది రాసిందెవరో తెలుసా అని బస్టాండులో అడిగేవారట. రిక్షావాళ్లు కార్డు చూసేవారు కాదు, కాలు చూసి సరాసరి ఆ గల్లీకి తెచ్చేవారు. కింద చిరునామా, రమ్మన్న రోజు రాయమని నేను ఎంత మొత్తుకున్నానో! వచ్చినోళ్లు వస్తనే ఉన్నరు గదా సారూ అనేవాడు. ఆయనకు నేర్పగలిగింది అంతవరకే.

మరుసటి ఏడు ఎండలు ముదరకముందే లస్మిని దుకాణానికి తెచ్చారు. మోకాలు చాపగలుగుతోంది. రెండు పక్కలా ఇనుప పట్టీలు బిగించిన బూటు ఉస్తాద్ తానే చేసి ఉంచాడు. నన్ను కూడా ఉండమని, మళ్లీ "రండి" అని కార్డు వేశాడు. ఏ రోజో రాయలేదు. టైలరు వేరే కార్డు మీద తేదీ రాసి పంపాడు కాబట్టి సరిపోయింది.

బూటు తొడిగి, పట్టీలు బిగించి, పిల్లను లేపి నిలబెట్టాడు. మొదట తండ్రి చెయ్యి పట్టుకుని రెండడుగులు. తర్వాత బల్ల పట్టుకుని. ఒంటిగా నడవమన్నప్పుడు తండ్రి ముఖం చూసింది. ఉస్తాద్ అలవాటుగా గుమ్మం దాకా నడిచి మళ్లమన్నాడు. ఆమె గుమ్మం దాకా నడిచింది. మళ్లలేదు. గడప దాటడం ఎట్లాగో కాసేపు ఆలోచించి, తలుపు పట్టుకుని, ఇనుప కాలు ముందు వేసి, గల్లీలోకి దిగింది.

"పడతది!" అని తండ్రి లేచాడు. ఉస్తాద్ ఆయన భుజం పట్టుకుని ఆపాడు.

గోడ వెంట చెయ్యి తాకిస్తూ ఆమె హోటలు దాటింది, సైకిళ్ల దుకాణం దాటింది. చివర గల్లీ ఎడమవైపు తిరుగుతుంది. అక్కడ ఒక్క క్షణం ఆగి, తిరిగి, కనిపించకుండా పోయింది. ఇనుప పట్టీల చప్పుడు కూడా ఆగిపోయింది.

మేం ముగ్గురం గుమ్మంలో నిలబడ్డాం. ఉస్తాద్ మలుపు వైపే చూస్తూ, నాకు మాత్రమే వినిపించేట్టు, "మూడేండ్లు సారూ" అన్నాడు. నేనూ అటే చూశాను. తప్పు మీది కాదని అబద్ధం చెప్పదలుచుకోలేదు.

చాలాసేపటికి చప్పుడు వినిపించింది. మలుపు దగ్గర తల కనిపించింది, తర్వాత మనిషి కనిపించింది. చెమటతో ముఖం మెరుస్తోంది. తండ్రి ఎదురెళ్లి, "ఎటు పోయినవే బిడ్డా?" అన్నాడు.

"గా మలుపు అవతల ఏమున్నదో చూసొచ్చిన."

"ఏమున్నది?"

"ఇంకో గల్లీ ఉన్నది బాపూ," అని చెప్పి, తండ్రి చెయ్యి అందించేలోపే వెనక్కి తిరిగింది. "అది గూడ చూసొస్త."